కుక్క మలము చెప్పు మాట

(ఉప్పల్‌లో ఉప్పల్, నాచారం వాసుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



తెల్లవారుజామున పశువుల కొట్టములో అడుగిడిన రైతు మొదట చూచునది పేడ. అది పలుచబడినదా, గట్టిపడినదా, వాసన మారినదా అని చూచిన పిదపనే పాలు పితుకుటకు కూర్చుండును. ఉప్పల్, నాచారం ఒకప్పుడు గ్రామములే. నేడు నగరములో కలిసిపోయినవి. కొట్టములు తరిగినవి, కుక్కలు మిగిలినవి. నాచారం పారిశ్రామికవాడలో కర్మాగారపు గేటు కడ కాపలా యుండునది కుక్క. ఉప్పల్ కాలనీలలో పిల్లలతో ఆడుకొనునది కుక్క. కాని దాని మలమును చూచెడివారు అరుదు. ముక్కు మూసికొని కడిగివేయుదుము. కడుగుటకు ముందు ఒక్క క్షణము చూడుడని అడుగుటకే వచ్చితిని.

ఆరోగ్యవంతమైన కుక్క మలము గోధుమ రంగున నుండును. కాలేయములో తయారగు పిత్తరసము ప్రేవులలో మార్పు చెంది ఆ రంగు నిచ్చును. తిండిని బట్టి కొంత భేదము కలుగును. ఆదివారమునాడు మాంసపు కొట్టు కడ కార్జము, నెత్తురు తిన్నదానికి మరునాడు నలుపు చాయ వచ్చును; గడ్డి మేసినదానికి పచ్చదనము వచ్చును. ఒకపూట కనబడి పోయిన రంగునకు బెదరనక్కరలేదు.

ఎర్రని నెత్తురు చూచిన అందరును భయపడుదురు; నల్లని మలము చూచిన ఎవరును పట్టించుకొనరు. పొరపాటంతయు ఇక్కడనే యున్నది. పైపైన ఎర్రని చార కనబడినచో గాయము పెద్దప్రేవు చివరనో, మలద్వారము కడనో యుండును. తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో నున్నచో నెత్తురు పైననే, కడుపులోనో చిన్న ప్రేవులలోనో కారి, జీర్ణమై వచ్చినదని అర్థము. ప్రేవులను పట్టి నెత్తురు పీల్చు కొంకిపురుగులు ఇందుకొక కారణము. అట్టి పిల్లల చిగుళ్లు పాలిపోవును. రెండవ కారణము మన జాలియే. కుంటుచున్న కుక్కకు ఇంటిలోని నొప్పి బిళ్ల నొకటి వేయుదుము. మనుష్యుల కుపయోగించు ఆ మందులు కుక్క కడుపులో పుండ్లు పుట్టించగలవు. వైద్యుడు అడిగినపుడు ఆ బిళ్ల సంగతి దాచకుడు.

ఎరుపులోను ఒకటి మిక్కిలి ప్రమాదకరము. టీకా వేయని పిల్లకు వాంతులతో, నీళ్లవలె, దుర్గంధముతో నెత్తురు విరేచనము లయినచో పార్వో వ్యాధి యని అనుమానింపవలెను. 1978లో లోకమునకు తెలిసివచ్చిన ఈ వ్యాధి విషయమున రేపు చూతమనుట పనికిరాదు. 6 నుండి 8 వారముల వయస్సున టీకా మొదలిడి, 16 వారములు నిండువరకు 3, 4 వారముల కొకమారు మరల వేయించవలెను.

బూడిద రంగు, బంకమట్టి రంగు కనబడినచో పిత్తరసము ప్రేవులకు చేరుట లేదేమో చూడవలెను. సుద్దవలె తెల్లబడినచో ఎముకలు మితిమీరి పెట్టినారన్న మాట. బియ్యపు గింజలవంటివి కదలుచుండినచో బద్దెపురుగు తునకలు. గిడ్డంగులున్న చోట నీలి, పచ్చ చాయలు తోచినచో ఎలుకల మందు జ్ఞప్తికి రావలెను. అందు రంగు కలుపుదురు. కుక్క హుషారుగా నున్నను ఆగరాదు. కొన్ని ఎలుకల మందులు తిన్న కొలది దినములకు గాని లోపల నెత్తురు కారుట మొదలుకాదు.

రంగు బాగున్నంత మాత్రమున పురుగులు లేవనరాదు. ఏలికపాముల గ్రుడ్లు కంటికి కానరావు. అవి మట్టిలో కొన్ని వారములు నిలిచిన తరువాతనే అంటుకొను శక్తి పొందును. పిల్లలు ఆ మట్టిలో ఆడి, చేతులు నోట పెట్టుకొందురు. కావున మలమును ఏ పూటకాపూట ఎత్తివేసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

పశువైద్యుని కడకు పోవునపుడు శుభ్రమైన డబ్బాలో ఆనాటి మలమును కొంచెము తీసికొని పొండు. చరవాణితో ఛాయాచిత్రము తీయువారు పగటి వెలుగున తీయుడు. రాత్రి దీపము క్రింద గోధుమ రంగు సహితము పసుపుగా కనబడును.