గొట్టములో గడ్డకట్టిన నీరు

తానే నీరు నింపుకొని మంచుముక్కలు చేసెడి రిఫ్రిజిరేటరు మా యింటికి వచ్చిన కొత్తలో, ఇక వేసవికి వెరవ నక్కరలేదనుకొంటిమి. రెండు నెలలు తిరుగకమునుపే ముక్కలు పడుట మానినవి. ఫ్రీజరు తెరచి చూడగా, నీరు పోసెడి సన్నని గొట్టము కొనయందు మంచు బిరడావలె బిగిసియున్నది. కరిగించితిమి, వారము గడచునప్పటికి మరల అదే తీరు. బాగుచేయ వచ్చినవారు ఐస్ మేకరునే మార్చిరి. సొమ్ము పోయినది గాని బిరడా పోలేదు.

దోషము చలిది కాదు, నీటిది. ఆ గొట్టమునకు వెనుక విద్యుత్తుతో తెరచుకొను వాల్వు ఒకటి కలదు. అది గట్టిగా మూసుకొనుటకు నీటి ఒత్తిడియే ఆధారము. చాల యంత్రములకు చదరపు అంగుళమునకు 20 పౌనులైనను కావలెను. అనగా సుమారు 14 మీటర్ల ఎత్తునుండి దిగెడి నీరు. మా డాబామీది ట్యాంకు ఫ్రిజ్జుకు మూడు నాలుగు మీటర్లే ఎత్తు! మూత బిగియక జారిన బొట్టు, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో గొట్టమునందే గడ్డకట్టును. మురికిపట్టిన ఫిల్టరు కూడ ఒత్తిడిని తగ్గించును.

కరిగించునపుడు ప్లగ్గు తీసి, గోరువెచ్చని నీట తడిపిన గుడ్డ చుట్టవలెను. కత్తితో పొడువరాదు (మేమును ఒకమారు కత్తి పట్టినవారమే). లోపలి గొట్టము చిల్లుపడినచో వాయువు పోయి చలియే పుట్టదు. మంచంతయు కరిగిన పిదప, ప్లగ్గు పెట్టకమునుపే బొట్లు రాలుచున్నచో వాల్వు కారుచున్నదని గుర్తు. మాకు రాలినవి. వాల్వుకు ముందు చిన్న ప్రెషరు పంపు బిగించిన పిమ్మట ఆగినవి.

మా యింట పెద్దలు మాత్రము నేటికిని కూజానీరే త్రాగుచున్నారు.