పల్లె నాటకము – ప్రదర్శన రీతులు



నాటకమనగానే పలువురి కన్నుల యెదుట రంగుల తెరలు, దీపములు నిలుచును. అవి లేని యూర నాటకము సాగదని నిరాశ చెందువారును కలరు. పాలకుర్తి చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యము పలుకుచున్నది.

ఈ గ్రామనామమును ఇంటిపేరుగా ధరించిన సోమనాథ కవి, పండితులు మెచ్చు చంపూమార్గమును విడిచి, పామరులు సైతము పాడుకొనదగిన ద్విపదలో బసవపురాణమును రచించెను. ఆయన పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రికుల యెదుట సాగిన ఆటపాటల వర్ణనలు కలవు. వినవలసిన జనమును బట్టి రూపమును ఎన్నుకొనవలెనను పాఠము ఆయన కృషిలో గలదు.

ఆ పాఠమునే ప్రజానాట్యమండలి ఆచరించినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన 'మా భూమి' తెలంగాణ రైతు పోరాటమును రంగమెక్కించెను. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. అట్టి నాటకమునకు వేదికయు, పలువురు పాత్రధారులును వలయును. బుర్రకథకు మువ్వురు చాలుదురు. కథకుడు తంబుర మీటుచు కథ నడుపగా, వంతలలో నొకడు హాస్యమును, మరియొకడు రాజకీయ వ్యాఖ్యను అందించును. ఈ కళను సమకాలిక గాథలకు అనువుగా తీర్చినవారిలో షేక్ నాజర్ అగ్రగణ్యుడు.

ఇక చాకలి ఐలమ్మ గాథను పరిశీలింపుడు. ఆమె పండించిన పంటను విసునూరు దేశముఖు కాజేయబూనగా, సంఘము కార్యకర్తలు దానిని కోసి ఆమె యింటికి చేర్చిరి. ఈ ఘట్టమును తెర నాటకముగా ఆడినచో పొలమును పటముపై చిత్రింపవలెను. మోపులు మోయువారు ప్రక్కదారిని మాయమగుదురు. ఒగ్గుకథ ఫక్కిలో పటమే అక్కరలేదు. కథకుడు కొంగు కప్పుకొనిన ఐలమ్మ, కర్ర పట్టిన దేశముఖు. డోలు దరువే కోతల వేగము. మూడవ రీతిగా, ప్రేక్షకులను వలయముగా కూర్చుండబెట్టి, మోపులను వారి చేతులమీదుగా సాగనంపినచో చూచువారే సంఘమగుదురు. అయితే వలయమున సగము మందికి నటుని వీపే కనబడును. కావున అతడు తిరుగుచు, మాటను నలుదిక్కులకు పంపుచు ఆడవలెను.

ప్రయోగమనగా వింత కొరకు వింత కాదు. తెరల కౌశలమునకు పేరొందిన సురభివారే బి.వి. కారంత్ దర్శకత్వమున బ్రెహ్ట్ నాటకమును 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడిరి. తెలిసిన విద్యను విడువక, తెలియనిదానిని నేర్చుటయే ప్రయోగము. ఒగ్గు దరువును వాడుకొనువారు దానిని మల్లన్న, బీరప్పల కథలతో తరతరములుగా కాపాడిన కళాకారులను గురువులుగా పిలువవలెను; వారికి తగిన ప్రతిఫలమును ఈయవలెను. లేనిచో అది ప్రయోగము కాదు, అపహరణము.

యువకులు గ్రంథాలయమున కథను చదువుదురు గాక. ఒక్క ఘట్టమునే మూడు రీతుల ఆడి చూతురు గాక. పిమ్మట చివరి వరుసలో కూర్చున్న వృద్ధురాలిని అడుగవలెను: ఏమి వినబడినది? ఏమి కనబడినది? ఆమెకు అందిన రీతియే ఆ యూరికి తగిన రంగస్థలము.