డామిట్‌కూ దుంపతెగకూ మధ్య



రాజమహేంద్రవరంలో సాహిత్యసభ అధ్యక్షుడు నన్నయభట్టుతో మొదలుపెట్టి గోదావరి తల్లి దగ్గర ఆపడం ఆనవాయితీ. ఇవాళ ఆ రెండూ వదిలేస్తున్నాను, మన్నించండి. ‘తెలుగులో అన్యదేశ్యాలు’ అని నిర్వాహకులు విషయం ఇచ్చారు. అన్యదేశ్యాల జాబితా చదివితే మీరు నిద్రపోతారు. అందుకని ఒక్క మాట పట్టుకొచ్చాను. అది తిట్టు. ఇంగ్లీషులో సంతకం పెట్టడం రానివాళ్ళకి కూడా మన దేశంలో తెలిసిన ఇంగ్లీషు తిట్టు: డామిట్.

మనకి దీన్ని నేర్పిన మాస్టారు గిరీశం. కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు. ఆ కూర్పు చిట్టచివర, సౌజన్యారావు పంతులు ముందు వేషం బయటపడి, బుచ్చమ్మ చేజారిపోయాక, గిరీశం అనే మాట మీకందరికీ కంఠతా వచ్చు. నేను మళ్ళీ చెప్పను. దాని కట్టడం మాత్రం ఓసారి చూడండి. ముందు ఇంగ్లీషు తిట్టు, ఆ వెంటనే అచ్చమైన తెలుగు నుడికారం. ఇంగ్లీషు ముక్క ఇన్నాళ్ళూ వేసిన వేషానిది. దెబ్బ తగిలిందని ఒప్పుకోవాల్సి వచ్చేసరికి ఆయనకి ఇంటిభాష కావలసివచ్చింది. ఒక్క వాక్యంలో మనిషి రెండు ముక్కలై కనిపిస్తాడు. నన్నడిగితే, ఆధునిక తెలుగు వచనంలో ఇంతకన్నా లెక్కగా వాడిన అన్యదేశ్యం లేదు.

ఇందులో మన ఊరికీ పాలుంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు ఇక్కడే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన ప్రాణం మీదికి తెచ్చుకుని చేసిన పనిని గిరీశం నాలుక చివరి సరుకు చేసుకున్నాడు. సంస్కరణ మాటలూ డామిట్లూ గిరీశం సంచీలో పక్కపక్కనే ఉంటాయి. రెంటికీ ఆయన పెట్టిన ఖర్చు ఒకటే.

గిరీశానికి ఫ్రాన్సులో ఒక అన్నగారున్నాడు. 1784లో పారిస్‌లో ఆడిన బోమార్షే నాటకంలో ఫిగారో అనే సేవకుడు, ‘గొడ్డామ్’ అన్న ఒక్క మాట వస్తే చాలు, ఇంగ్లండులో దేనికీ లోటుండదని వాదిస్తాడు. ఆ హాస్యం ఊరికే పుట్టలేదు. అప్పటికి మూడు వందల యాభై ఏళ్ళ కిందట, జోన్ ఆఫ్ ఆర్క్ కాలంలోనే ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషు సిపాయిలకి ‘గొడ్డాములు’ అని పేరు పెట్టేశారు. ఊతపదమే జాతి పేరైపోయిందన్నమాట.  ఇంగ్లీషు రానివాడికి ఇంగ్లీషు వినిపించేది ముందుగా ఆ తిట్టులోనే. గురజాడకీ బోమార్షేకీ అందిన రహస్యం ఇదే.

ఇంతకీ ఆ మాట పుట్టినిల్లు కోర్టు. లాటిన్‌లో దామ్నుమ్ అంటే నష్టం, జరిమానా. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చింది. డ్యామేజీకి దావా వేసినా, బ్యాంకులో పాసుపుస్తకం పోయి ఇండెమ్నిటీ బాండు రాసిచ్చినా మీరు అదే మూలం దగ్గర సంతకం పెట్టినట్టు. క్రైస్తవ మతాచార్యులు ఆ జరిమానాని దేవుడి కోర్టుకి బదిలీ చేశారు. అక్కడ అప్పీలు లేదు, శాశ్వత నరకమే. నరకం మీద నమ్మకం గట్టిగా ఉన్నన్నాళ్ళూ ఆ మాటకి పదునుండేది. పుస్తకాల్లో మొదటి అక్షరం, చివరి అక్షరం అచ్చువేసి మధ్యలో గీత పెట్టేవారు. 1939లో ‘గాన్ విత్ ద విండ్’ సినిమా చివర కథానాయకుడు ఆ మాట అనడానికి హాలీవుడ్ నీతినియమావళితో తగువు పడవలసివచ్చింది. అప్పటికి ముప్పయ్యేళ్ళ ముందే మన నాటకం అదే మాట పలికి తెర దించేసింది. అమెరికావాళ్ళని నొప్పించిన మాట మనల్ని నొప్పించలేదు. ఎందుకో కాసేపటికి వస్తాను.

ఈలోగా ఒక చిక్కు విప్పాలి. ఆ మాట మనదేనని చెప్పేవాళ్ళున్నారు. లెక్కచెయ్యనని చెప్పడానికి ఇంగ్లీషువాడు ‘డ్యామ్ ఇవ్వను’ అంటాడు కదా, ఆ డ్యామ్ తిట్టు కాదు, మొగలాయీ రాగినాణెం ‘దామ్’ అని వాళ్ళ వాదం. అక్బరు కాలంలో రూపాయికి 40 దామ్‌లు. దామ్‌లో ఎనిమిదో వంతు దమ్‌డీ, మన నోట దమ్మిడీ. పెద్దవాళ్ళ లెక్కలో పన్నెండు దమ్మిడీలు అణా, అంటే రూపాయికి 192. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చి ఆ లెక్క చెరిపేశాయిగానీ, ‘దమ్మిడీకి కొరగాడు’ ఇంకా చెల్లుతోంది. ఈ ఊహను గ్రంథస్థం చేసింది 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు. యూల్, బర్నెల్ దాని కర్తలు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసువాడు, పుస్తకం బయటికి రాకముందే పోయాడు. ఊహ ముచ్చటగానే ఉంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం చమత్కారమేగాని ఆధారం లేదని కొట్టిపారేసింది. నేనూ అటే. 1760ల్లోనే గోల్డ్‌స్మిత్ దాన్ని ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి మరీ వాడాడు. ఆయన ఈ దేశం మొహం చూసినవాడు కాడు. చిన్న నాణేన్ని చూపించి మనిషి విలువ తీసెయ్యడం ప్రతి జాతికీ తెలిసిన పని. దానికి ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు అప్పు తెచ్చుకోనక్కర్లేదు. పోతే ధవళేశ్వరంలో ఉన్న డ్యామ్‌కీ దీనికీ చుట్టరికమే లేదు. కాటన్ దొర కట్టినదాన్ని మనం ఆనకట్ట అన్నాం, వాళ్ళు ‘యానికట్’ అని రాసుకున్నారు. అప్పు తీసుకున్నది అక్కడ వాళ్ళే.

ఇప్పుడు అసలు సంగతి. డామిట్ మనల్ని ఎందుకు నొప్పించలేదు? అది ఎవరికీ తగలదు కాబట్టి. తెలుగులో ఎవడైనా ‘నిన్ను డామిట్’ అన్నాడా? అనలేడు. ఇంగ్లీషులో శాపం తగలాల్సిన కర్మపదం ఒకటుంటుంది. మనం తెచ్చుకున్నప్పుడే దాన్ని మాటలో కలిపి కుట్టేశాం. ఇక అది గాల్లోకి అనుకునేదే. మన తిట్టు అలా కాదు, ఎదురుగా మనిషి కావాలి. ముందు ‘నీ’ అని పట్టుకుంటుంది, చివర అ-కారంతో వదులుతుంది. నీ నోరు పడ, నీ మొహం మండ, నీ అసాధ్యం కూల. చిత్రమేమిటంటే ‘నీ కడుపు చల్లగుండ’ కూడా ఆ అచ్చులోదే. దీవెనకీ శాపానికీ ఒకటే వ్యాకరణం. తేడా అంతా మధ్యలో పెట్టిన మాటదే.

వీటిలో గోదావరి జిల్లాలకి ప్రాణమైనది ‘నీ దుంపతెగ’. దీని అర్థం నిఘంటువులో వెతికేకంటే రావులపాలెం పక్క లంకల్లో అరటితోటలోకి వెళ్ళండి. గెల కోశాక చెట్టుని నరికేస్తారు. అరటికి అది చావు కాదు. దుంప నేలలో ఉంటుంది, దాని కణుపుల నుంచి పిలకలు లేస్తాయి, పిలక పంట చేతికొస్తుంది. తోట మార్చాలనుకున్న రైతు గునపం పెట్టి దుంపని పెళ్ళగించి ముక్కలు చేసినప్పుడే ఆ అరటి వంశం ఆగేది. మొదట ఈ మాట అన్నావిడ, ఆవిడెవరో మరి, ఎదుటివాడు చావాలని కోరుకోలేదు. వాడి తరవాత పిలక లేవకూడదని కోరుకుంది. నరకం కంటే ఇది ఘోరం.

మరి ఇవాళ? మనవడు మొదటిసారి పద్యం అప్పజెప్పితే మామ్మగారు ముద్దుపెట్టుకుని ‘ఓరి నీ దుంపతెగ’ అంటుంది. చీట్లపేకలో పక్కవాడు షో చేస్తే అంటాం. చాన్నాళ్ళకి కనపడ్డ స్నేహితుణ్ణి అంటాం. డ్యామ్ నరకాన్ని పోగొట్టుకున్నట్టే ఇదీ గునపాన్ని పోగొట్టుకుంది. అయితే డామిట్‌కి రానిది ఒకటి దీనికి వచ్చింది, చనువు. దగ్గరివాళ్ళనే దుంపతెగ అంటాం. నిజంగా కోపం వచ్చినప్పుడు మనవాళ్ళు ‘ఏవండీ’ అని మొదలుపెడతారు. అప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

ఇంగ్లీషువాళ్ళు డ్యామ్ అనడానికి బెరుకై ‘డార్న్’ అని మెత్తబరచుకున్నారు. మనవాళ్ళు ఇంకో మెట్టెక్కారు. తిట్టు సగంలో ఉండగా మనసు మార్చుకుని ‘నీ ఇల్లు బంగారం కానూ’ అన్నారు. ఎత్తుగడ శాపానిది, దిగేది దీవెనలోకి. విన్నవాడికి తిట్టారో మెచ్చారో తేలదు. ఈ జిల్లాల వెటకారం పని చేసేది సరిగ్గా అక్కడే.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది. వ్యవసాయపు మాటలు రైతుల నోటినుంచే పోగుచేశారు. తరవాత నేతపని మాటలు వచ్చాయి. తిట్ల జోలికి పండితులు పెద్దగా పోలేదు, మర్యాద అడ్డొచ్చింది. ఇప్పుడు టీవీలో అందరి కోపమూ ఒకటే యాసలో వినిపిస్తోంది. కోనసీమలో, నరసాపురం వైపు, పోలవరం మన్యం అంచున తిట్టు ఎలా మారుతుందో రాసుకోవలసిన పని ఈ హాల్లో కూర్చున్న పరిశోధక విద్యార్థులది. ఊరికే మాటల పట్టిక పనికిరాదు. ఎవరు, ఎవర్ని, ఏ వయసులో, నవ్వుతూనా పళ్ళు నూరుతూనా, అన్నీ రాయాలి. అందులో కులం పేరుతో, ఆడవాళ్ళ మీద, అవిటితనం మీద ఉన్నవి బోలెడు వస్తాయి. వాటినీ దాచకుండా రాయండి, ఏ నోటినుంచి ఎటు ప్రయాణం చేశాయో కూడా రాయండి. అడగడానికి వెళ్ళినప్పుడు ముందు రెండు తిట్లు మీకే తగలొచ్చు. తారీఖు వేసి అవి కూడా రాసుకోండి.

మొదటి పత్రం చదివేవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను. పదిహేను నిమిషాలండి. గంట నా దగ్గరే ఉంది.