వంతెనకు కాపలా



ఊరికి వంతెన వచ్చిననాడు మనము కొబ్బరికాయ కొట్టి పండుగ చేసికొందుము. మరునాటినుండి దానిపై నడచుటయే గాని, దానివంక చూచుట మరతుము. మనుష్యులకు వలెనే వంతెనకును వార్ధక్యము కలదు, రోగములును కలవు.

1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగరముల నడుమ వంతెన కూలి రైలు పడిపోయినది. 2005 అక్టోబరు 29న నాటి నల్లగొండ జిల్లా వలిగొండవద్ద చిన్న రైలు వంతెన వరదకు కొట్టుకొనిపోగా, తెల్లవారుజామున వచ్చిన రైలు ఆ గండిలో పడినది. ఒక్కొక్క ప్రమాదమున నూరుమందికి పైగా అసువులు బాసిరి.

వంతెనకు పెద్ద శత్రువు నీటి అడుగున నుండును. వరదనీరు స్తంభమునకు కొట్టుకొని, క్రిందికి మరలి, సుడులు తిరుగుచు పునాదిచుట్టునున్న ఇసుకను తోడివేయును. వరద తీయునప్పుడు క్రొత్త ఇసుక వచ్చి ఆ గుంటను పూడ్చును. పైకి చూచిన అంతయు మునుపటివలెనే యుండును గాని, ఆ ఇసుకకు పూర్వపు గట్టిదనముండదు. కావున వరద తీసిన పిదప చూచిన చాలదు. వరదలోనే లోతు కొలువవలెను. పూర్వము తాడునకు సీసపుగుండు కట్టి కొలిచెడివారు. నేడు ధ్వనితరంగములను నీటిలోనికి పంపి, అవి తిరిగివచ్చు కాలమునుబట్టి లోతు తెలుపు యంత్రములను స్తంభములకే అమర్చుచున్నారు.

నీటికి పైనున్న భాగమునకును పరీక్షలు కలవు. పగులునకు అడ్డముగా సన్నని గాజుపలక అతికింతురు. పగులు పెరిగిన గాజు విరుగును. కాంక్రీటును సుత్తితో తట్టినపుడు బోలుశబ్దము వచ్చిన, లోపల పొర విడినదని అనుమానింపవలెను. త్రుప్పుమరకలు కనిపించిన, లోని ఇనుము చెడుచున్నదని గ్రహింపవలెను. పెద్ద వంతెనల కంపనమును, ఒరుగుదలను రేయింబవళ్లు నమోదుచేయు యంత్రములును నేడు కలవు.

అయితే మన వాగులపై గల ప్రతి చిన్న వంతెనకును యంత్రములు అమర్చుట సాధ్యము కాదు. అచ్చట మన కన్నులే యంత్రములు. పిట్టగోడ ఒరిగినదా? వంతెన మొదట రోడ్డు క్రుంగినదా? స్తంభముక్రింద పునాది బయటపడినదా? కొట్టుకొనివచ్చిన చెట్లు అడ్డుపడి నీటిని ఆపుచున్నవా? ఇట్టివి కనిపించిన తడయక పంచాయతీకిని, రోడ్లు భవనముల శాఖవారికిని తెలుపుదము. రైలు వంతెనయైనచో దగ్గరి స్టేషనుకు పరుగెత్తుదము. ఎగువ చెరువు తెగినదని వినినంతనే దిగువ వంతెనను తలచుకొందము. స్తంభములచెంత ఇసుక త్రవ్వనీయకుందము. నీరు పొర్లుచున్న వంతెనను ఎంత తొందర పనియున్నను దాటకుందము.

ఆ వంతెనమీదనే మన పిల్లలు బడికి పోవుచున్నారు. దానిని కాచుకొనుట మన విధి.