మాట సాయం



తెలంగాణ పల్లెల నుంచి మన తాతలు సోలాపూర్ వచ్చినప్పుడు వాళ్ల చేతిలో బయోడేటా లేదు. ముందే వచ్చిన మేనమామో, ఊరివాడో "మనోడే, పని తెలుసు" అంటే కార్ఖానాలో సాంచా దొరికేది. ఇవాళ పుణే, హైదరాబాద్ కంపెనీల్లో మన పిల్లల కోసం ఆ మాట ఎవరు చెప్తారు? లింక్డిన్‌లో అలాంటి మనుషుల్ని మనమే వెతుక్కోవాలి.

పేరు కింద "ఉద్యోగం వెతుకుతున్నాను" అని రాసి ఊరుకోకండి. అక్కడ 220 అక్షరాల చోటుంది. "టవల్ కార్ఖానాలో రెండేళ్లు జీఎస్టీ బిల్లులు, స్టాకు లెక్కలు చూశాను, టాలీ వచ్చు" అని రాయండి. నాన్న కార్ఖానాలో చేసినా పని పనే.

ముక్కూ మొహం తెలియనివారికి "సార్, జాబ్ ఇప్పించండి" అని పంపితే జవాబు రావడం కష్టం. మీ కాలేజీలోనే చదివి ఆ కంపెనీలో చేరినవారిని వెతికి, "కొత్తవాళ్లలో మీవాళ్లు ఏం చూస్తారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబిస్తే థాంక్స్ చెప్పండి. రేపు ఖాళీ వచ్చినప్పుడు మీరు గుర్తుండొచ్చు.

ఒక్క హెచ్చరిక. రిజిస్ట్రేషన్ అనో, ట్రైనింగ్ అనో డబ్బు అడిగితే అక్కడే ఆగండి. అది బీడీలు చుట్టి అమ్మ కూడబెట్టిన డబ్బు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లకు ఒక మనవి. మన పిల్లల మెసేజ్ వస్తే చూసి వదిలేయకండి. మీ తాతకూ ఎవరో ఒకరు మాట సాయం చేసే ఉంటారు.

సెలవు.