గ్రామఫోను రికార్డుల తొడుగులు



మా జగిత్యాల యింట పెద్దలనాటి తాటాకు గ్రంథములు కొన్ని కలవు. పైని క్రిందను కొయ్యపలకలు, నడుమ త్రాడు, అన్నిటిని చుట్టి యొక గుడ్డ. గ్రంథమునెడ పెద్దలకు గల ఆదరమంతయు ఆ కట్టును చూచినంతనే తెలియును. గానమును దాచు గ్రామఫోను రికార్డునకును అట్టి కట్టు కలదు. దానినిగూర్చి రెండు మాటలు మనవి చేసెదను.

తొలినాటి రికార్డులు లక్క కలిపి చేసినవి. చేయి జారిన పగిలెడివి. వానికి మధ్య గుండ్రని రంధ్రముగల కాగితపు సంచి తొడిగెడివారు. ఆ రంధ్రమునుండి పాట పేరును, పాడినవారి పేరును చదువుకొనవచ్చును. దీర్ఘమైన సంగీతమునకు పెక్కు రికార్డులు కావలసియుండెను గనుక, అట్టి సంచులను పుస్తకమువలె కుట్టి ఆల్బమనిరి. ఆ అట్టపై చక్కని బొమ్మలు వేయు పద్ధతిని 1940 ప్రాంతమున అమెరికాలో కొలంబియా కంపెనీ చిత్రకారుడు అలెక్స్ స్టైన్‌వైస్ వ్యాప్తికి తెచ్చెను. 1948లో ఆ కంపెనీయే వినైలుతో చేసిన ఎల్.పి. రికార్డును వెలువరించెను. వినైలు లక్కవలె పగులదు. కాని సులభముగా గీతలు పడును, ధూళిని ఆకర్షించును, వేడికి వంగును. కావున లోపల పలుచని సంచియు, వెలుపల బొమ్మగల గట్టి అట్టయు అవసరమయ్యెను.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974లో కీర్తిశేషులైన పిమ్మట వారి భగవద్గీత రికార్డు వెలువడినది. మా తండ్రిగారు దానిని కొనితెచ్చిరి. కోరుట్లలో పూర్వము చేతితో కాగితము చేసెడివారు. పట్వారీల లెక్కపుస్తకములకు అది వాడుక. మా యింట మిగిలిన యట్టి కాగితమును అట్ట వెనుక అంటించి, ఏ ముఖమున నే శ్లోకములున్నవో నాన్నగారు స్వయముగా వ్రాసిరి. పైని సిరిసిల్ల మగ్గపు గుడ్డ చుట్టిరి.

నేనప్పుడు బడిపిల్లవాడను. లోపలి సంచిని గాలిపటమునకై చింపితిని. రికార్డు అట్టలోని ధూళికి రాసికొని గీతలు పడినది. తండ్రిగారు నన్ను కోపింపలేదు. ఆ ముఖమును వేయుట మాత్రము మానిరి. ఆ మౌనమే నాకు శిక్ష యయ్యెను.

ఇప్పుడా శ్లోకములు చేతి ఫోనులోనే వినవచ్చును. “ఈ పాత అట్టలేల?” అని మా అబ్బాయి అడుగుచున్నాడు. ఘంటసాలవారి కంఠము ఎక్కడనైన దొరకును. మా తండ్రిగారి చేతివ్రాత ఆ అట్టమీదనే కలదు.

మీ యిండ్లలో రికార్డులున్నచో నిలువుగా నుంచుడు. ఒకదానిపై నొకటి పేర్చకుడు. లోసంచి మూతి పైకుండునట్లు అట్టలో పెట్టుడు. ఎండ తగులనీయకుడు. చినిగిన తొడుగునైనను పారవేయకముందు, దానిపై నెవరి వ్రాత యున్నదో ఒకమారు చూడుడు.