గర్భిణికి స్కానింగ్ — ఎన్నిసార్లు? ఎందుకు?
(సంఘ వార్షికోత్సవ మహిళా సదస్సులో ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాను. ముప్పయ్యేళ్లకు పైగా ప్రసూతి వార్డులో పనిచేసినదాన్ని. ఈ మధ్య మన ఇళ్లల్లో ఆడవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. "ఖాలా, ఈ స్కానింగులు నిజంగా అవసరమా? లేక డబ్బు కోసం చేయిస్తున్నారా?" ఇవాళ దీనికి నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

ముందుగా మా ఇంటి సంగతి. 1984లో మా చెల్లెలికి రెండో కాన్పు. నెలనెలా నేనే పొట్ట పట్టి చూసేదాన్ని, చెక్క గొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినేదాన్ని. ఎనిమిదో నెలలో కూడా బిడ్డ తల కిందికి దిగకుండా పైనే తేలుతూ ఉంది. చూశాను గాని, దాని వెనకాల ఏముందో నాకు తోచలేదు. ఒక తెల్లవారుజామున నొప్పి అన్నది లేకుండానే రక్తం పోవడం మొదలైంది. లారీ ఆపి ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. గర్భసంచి ముఖద్వారానికి మాయ అడ్డంగా ఉందన్నారు. మా చెల్లెలు దక్కింది, బిడ్డ దక్కలేదు. అప్పట్లో మా ఊళ్లో స్కానింగ్ యంత్రం లేదు. ఉండి ఉంటే ముందే తెలిసేది, దాన్ని పెద్దాసుపత్రి దగ్గరే ఉంచేవాళ్లం. కనుక స్కానింగ్ దండగ అని నా నోటితో నేను చెప్పలేను.

ఇక రెండో సంగతి. ఇది రెండేళ్ల కిందటిది. మా వీధిలో ఒక అమ్మాయి తొమ్మిదో నెలలో మా ఇంటికొచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. చేతిలో ఇంత లావు ఫైలు, అందులో ఏడు స్కానింగులు. "అంతా బాగుందన్నారు ఖాలా" అంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. ఫైలంతా వెదికినా రక్తపరీక్ష కాగితం ఒక్కటీ లేదు, బి.పి. రాసిన జాడ లేదు. ఆ సాయంత్రమే పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6 చిల్లర ఉంది, ఉండవలసింది కనీసం 11. స్కానింగుల కోసం ఆ పిల్ల చెవి కమ్మలు తాకట్టులో ఉన్నాయి. ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాక కాన్పయింది. తల్లీ కూతురూ క్షేమం. కాని ఆ రాత్రి ఎలా గడిచిందో నాకు తెలుసు.

ఒక ఇంట స్కానింగ్ లేక నష్టం. ఇంకొక ఇంట స్కానింగే సర్వస్వమనుకుని ప్రమాదం. ఈ రెంటి మధ్య దారి ఏమిటన్నదే మనకు కావలసింది.

ఈ యంత్రం సంగతి కొంచెం చెప్పుకుందాం. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు తన తోటివారితో కలిసి 1958లో దీనిపై మొదటి ముఖ్యమైన వ్యాసం ప్రకటించారు. ఇది పనిచేసేది శబ్ద తరంగాలతో, ఎక్స్‌రేతో కాదు. గర్భిణికి ఎక్స్‌రే తీస్తే బిడ్డకు కేన్సర్ ప్రమాదం పెరుగుతుందని ఆలిస్ స్టీవార్ట్ అనే డాక్టరమ్మ ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండులో కనిపెట్టారు. ఆ భయాన్ని తెచ్చి స్కానింగుకు అంటగట్టనక్కర్లేదు. అవసరమైనప్పుడు, అవసరమైనంతసేపు చేసే స్కానింగు వల్ల బిడ్డకు హాని కలుగుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. అయితే ముచ్చట కోసం, ఫొటోల కోసం పదేపదే చేయించడం మాత్రం తగదు.

మరి అందరికీ ఎక్కువసార్లు చేస్తే ఎక్కువ మేలా? అమెరికాలో 15 వేలమందికి పైగా గర్భిణులను రెండు జట్లుగా చేసి చూశారు. వీళ్లంతా ముందుగా ఏ ఇబ్బందీ లేనివాళ్లే. ఒక జట్టుకు తప్పనిసరిగా రెండు స్కానింగులు. రెండో జట్టుకు డాక్టరు అవసరమనుకుంటేనే. 1993లో ఫలితం ప్రకటించారు. బిడ్డలకు కీడు జరిగింది మొదటి జట్టులో నూటికి 5.0, రెండో జట్టులో 4.9. అంటే తేడా లేనట్టే.

అలాగని అసలు వద్దనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సలహా ఇది: ప్రతి గర్భిణికీ 24 వారాల లోపల ఒక్క స్కానింగ్ చెయ్యాలి. దాంతో నెలల లెక్క సరిగా తెలుస్తుంది, కవలలుంటే తెలుస్తుంది, బిడ్డలో పెద్ద అవయవ లోపాలుంటే చాలావరకు బయటపడతాయి. మన డాక్టర్లు సాధారణంగా మూడు నెలల లోపు ఒకటి, 18–20 వారాల మధ్య టిఫా అనే స్కానింగ్ ఒకటి చేయిస్తున్నారు. ఇది సబబైన పద్ధతే.

మొదటి మూడు నెలల్లో చేసినదాన్ని బట్టి వేసిన కాన్పు తేదీలో తేడా వారం లోపే. ఆఖరి మూడు నెలల్లో చేస్తే మూడు వారాల దాకా తప్పవచ్చు. అందువల్ల తొమ్మిదో నెల స్కానింగ్ చూసి తేదీ మారిపోయిందని కంగారు పడవద్దు. బిడ్డ బరువు లెక్క కూడా నూటికి పది, పదిహేను అటూ ఇటూ కావచ్చు. ఐదో నెలలో "మాయ కిందికి ఉంది" అని రాస్తే ఏడవకండి. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందిలో అది పైకి జరుగుతుంది. ఎనిమిదో నెలలో మళ్లీ ఒకసారి చూపించుకోవడం మాత్రం మానవద్దు.

కొందరికి ఇంకా ఎక్కువసార్లు అవసరం. రక్తం కనిపించినా, కవలలున్నా, బి.పి., షుగరు ఉన్నా, ముందు ఆపరేషన్ కాన్పయినా, బిడ్డ ఎదుగుదల లేదా కదలిక తగ్గినా డాక్టరు చెప్పినట్టు చేయించండి. డాక్టరును ఒక్క మాట అడగండి: "ఇది ఎందుకమ్మా? దీనివల్ల మా వైద్యంలో ఏం మారుతుంది?" అడగడం తప్పు కాదు, అది మన హక్కు.

ఇంకొక మాట. ఆడా మగా అని తెలుసుకోవడం కోసం స్కానింగ్ గదికి వెళ్లడం నేరం. 1994 చట్టం ప్రకారం మాటతో గాని, సైగతో గాని డాక్టరు చెప్పకూడదు, మనవాళ్లు అడగకూడదు. దానికి జైలు శిక్ష ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల లోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 2001లో 961 మంది, 2011 నాటికి 939 మంది. ఆ తగ్గిన పిల్లలు ఎవరి ఇంటివాళ్లు? అందరం ఆలోచించాలి.

చివరగా, స్కానింగ్ చూడలేనివి ఉన్నాయి. రక్తహీనతను కొలవదు, బి.పి. కొలవదు, తల్లి రక్తంలో షుగరు చెప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత. నాలుగో నెల నుంచి 180 ఇనుము మాత్రలు వేసుకోవాలి. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి, 2016 నుంచి జరుగుతున్నాయి. డాక్టరు రాస్తే సర్కారు ఆసుపత్రిలో స్కానింగ్ కూడా ఉచితమే. కమ్మలు తాకట్టు పెట్టనక్కర్లేదు.

తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు, రక్తం పోవడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం — వీటిలో ఏది కనిపించినా "మొన్ననే స్కానింగ్ బాగుందన్నారుగా" అని ఇంట్లో కూర్చోవద్దు. ఆ కాగితం ఆ రోజు మాటే చెబుతుంది.

సంఘానికి నాదొక మనవి. ప్రతి 9వ తేదీన మన వీధుల గర్భిణులను వెంటబెట్టుకుని వెళ్లడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ముందుకు రావాలి. రక్తం ఇవ్వగల యువకుల పేర్లు ఒక పుస్తకంలో రాసి కార్యాలయంలో ఉంచాలి. అత్తగార్లూ, అబ్బాయిలూ! కోడలి ఫైల్లో ఫొటోలు ఎన్నున్నాయని కాదు, హిమోగ్లోబిన్ ఎంతుందని చూడండి.

మా చెల్లెలు ఇవాళ ఈ సభలోనే ఉంది. నేను చెప్పిన మాట దానికి తెలుసు. మీ ఇళ్లల్లో ఆ దుఃఖం రాకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.